గాంగు చివర్లోనే మోగుతుంది

ఇండోనేషియాలో, జావా దీవిలోని యోగ్యకార్తాలో నా పది నెలల జావా నాట్యం కోర్సు ఇంకో 18 రోజుల్లో అయిపోతుందనగా, ఒకరోజు పొద్దున్న మేం సాధన చేసే పెండోపో (గోడల్లేని మండపం) స్తంభానికి ఒక కాగితం అంటించి కనబడింది. ముగింపు ప్రదర్శన తాలూకు పట్టిక అది. కాస్ట్యూమ్ కొలతలు ఏ రోజు, ఫొటోలు ఏ రోజు, గామెలాన్ అనే కంచు వాద్యాల మేళంతో రిహార్సల్ ఎప్పుడు, మేకప్ వాళ్ళు ఎన్నింటికి వస్తారు, అన్నీ గళ్ళు గీసి రాశారు. అడుగున ఒక ముక్క: ఈ రోజు నుంచి మామూలు క్లాసులు ఉండవు.

నాకు ఒళ్ళు మండింది. ఎందుకంటే సరిగ్గా అంతకు ముందు వారమే, తొమ్మిది నెలలు గడిచాక, నా మోకాళ్ళు మొట్టమొదటిసారి నేను చెప్పకుండానే మెండక్‌లోకి దిగాయి. జావా నాట్యంలో నిలబడే తీరు అది, మన కూచిపూడి అరమండికి దూరపు చుట్టం. మోకాళ్ళు వంగుతాయి కానీ అరమండిలోలా విచ్చుకోవు, జరిక్ అనే బాతిక్ గుడ్డ నడుము నుంచి చీలమండల దాకా గట్టిగా చుట్టి ఉంటుంది కాబట్టి. వంగాలి, వంగినట్టు కనబడకూడదు. తొమ్మిది నెలలూ నా తొడలు ఆ గుడ్డతో కొట్లాడాయి. ఆ వారం కొట్లాట ఆగింది. అప్పుడే క్లాసులు ఆపేశారు.

ఆ రోజు నుంచీ కనబడిన ప్రతివాళ్ళతో వాదిస్తున్నాను, ఇక్కడా వాదిస్తాను. పరాయి దేశం వెళ్ళి నాట్యం నేర్చుకునే కోర్సుల్లో ఆఖరి రోజుల్ని ప్రదర్శనకి ధారపోయడం తప్పు. స్టేజీ వద్దనడం లేదు. నాలుగో నెలలో పెట్టండి, ఏడో నెలలో పెట్టండి. ఆఖర్న మాత్రం వద్దు.

ఎందుకు వద్దంటున్నానో అర్థం కావాలంటే ఆ పది నెలల్లో ఏం జరిగిందో చెప్పాలి. కొత్తగా నేర్చుకున్నది కొంచెమే. పాతది పక్కన పెట్టడానికే నా టైమంతా పోయింది.

నేను 16 ఏళ్ళు కూచిపూడి చేసి వెళ్ళినదాన్ని. "యతో హస్తస్తతో దృష్టిః" అని అభినయ దర్పణంలో నందికేశ్వరుడు చెప్పిన మాట మాకు పలక పట్టిన రోజుల నుంచీ తలకెక్కిస్తారు. చెయ్యి ఎటు పోతే చూపు అటు పోవాలి, చూపు వెంట మనసు, మనసు వెంట భావం. జావా రాజాస్థానపు ఆడవాళ్ళ నాట్యంలో చెయ్యి దారి చెయ్యిది, చూపు దారి చూపుది. కళ్ళు కొంచెం ముందు నేల మీదికి వాలి, అక్కడే ఉంటాయి. చెయ్యి ఎంత అందంగా తిరిగినా అటు తొంగి చూడకూడదు. ముఖంలో ఏమీ కనబడకూడదు. మొదటి నెలల్లో ఇది నాకు నిద్రపోతూ నాట్యం చెయ్యడంలా ఉండేది. మా టీచరుగారు, మేమందరం బూ అని పిలిచేవాళ్ళం (అక్కడ పెద్ద ఆడవాళ్ళని అలాగే పిలుస్తారు), మూడో వారంలో నా దగ్గరకొచ్చి చాలా మర్యాదగా అన్నారు: "నీ కళ్ళు బాగా మాట్లాడతాయి. కొంచెం విననివ్వు వాటిని కూడా."

పాదం సంగతి ఇంకో కథ. మనది నేలని తట్టి పలికించే నాట్యం. అక్కడ ఆడవాళ్ళ నాట్యంలో గజ్జెలు లేవు. గెద్రుగ్ అని ఒక కదలిక ఉంటుంది: వెనక పెట్టిన కాలి మునిభాగం నేలని ఒక్కసారి తాకుతుంది, తలుపు కొట్టాలా వద్దా అని ఆలోచిస్తున్నవాడి వేలులాగా. నేను కొడితే పెండోపో చలువరాయి ఠప్పుమనేది. గామెలాన్ వాయించే తాతలు నవ్వుకునేవాళ్ళు.

కానీ వీటన్నిటికన్నా నన్ను ఏడిపించింది లెక్క. మనకి తాళంలో బరువంతా సమం మీద ఉంటుంది. సమం అంటే మొదటి దెబ్బ. తీర్మానం, అంటే అడుగుల వరసని ముగించే ముక్క, ఎన్ని మెలికలు తిరిగినా వచ్చి సమం మీద వాలాలి, అప్పుడే ఒంటికి హాయి. గామెలాన్‌లో బరువు ఆఖరి లెక్క మీద ఉంటుంది. ఒకటి నుంచి ఎనిమిది లెక్కపెడితే ఎనిమిదే బరువు. కెతుక్, కెనోంగ్, కెంపుల్ అని చిన్నా పెద్దా కంచు వాద్యాలు మధ్యమధ్య దూరాలు కొలుస్తూ వస్తాయి, ఆవృత్తం, అంటే లెక్క ఒక చుట్టు, పూర్తయ్యే చోట పెద్ద గాంగు మోగుతుంది. గాంగు మోగిందంటే అక్కడికి ఒక మాట పూర్తయినట్టు. పాట ఎత్తుకునే ముందు వచ్చే చిన్న ఎత్తుగడ కూడా గాంగు మీదే ముగుస్తుంది. వాళ్ళకి ఎనిమిది మీద పడాల్సిన నా బరువు నెలల తరబడి ఒకటి మీద పడేది. అంటే ప్రతి ఆవృత్తంలోనూ, వాళ్ళందరూ దిగి కుదురుకున్నాక, ఒక్కదాన్నే ఒక లెక్క ఆలస్యంగా దిగేదాన్ని. చెవికి తెలుసు, పుస్తకంలో రాసుకున్నాను, అయినా నడుము వినేది కాదు. 16 ఏళ్ళ సమం అది, ఊరికే పోతుందా.

ఇలాంటి అలవాట్లు ఒక పద్ధతిగా, వరసగా పోవు. తొమ్మిది నెలలు ఏమీ జరగదు. పదో నెలలో ఒక మంగళవారం పొద్దున్న మోకాలు వింటుంది. ఇంకో వారానికి నడుము వింటుంది. నాతో చదివినవాళ్ళందరిదీ ఇదే అనుభవం. మెక్సికో నుంచి వచ్చిన అమ్మాయి బ్యాలే చేసింది, ఆమె భుజాలు పదో నెలకి గానీ కిందికి దిగలేదు. హంగేరీ కుర్రాడు మగవాళ్ళ నాట్యం నేర్చుకుంటూ ఏడు నెలలు గెంతాడు, ఆ తర్వాతే అడుగు వెయ్యడం వచ్చింది. పాత భాష వదిలి కొత్త భాష ఇంకా రాని ఆ మధ్య కాలం ఉంది చూడండి, పది నెలల ఖర్చూ శ్రమా అంతా అక్కడికి చేరడానికే. సరిగ్గా ఆ గడప మీద కాలు పెట్టగానే మమ్మల్ని దర్జీ దగ్గరికి పంపారు.

18 రోజుల్లో ఏం జరిగిందో చెప్తాను. నేను నేర్చుకున్న గోలెక్‌ని ఏడు నిమిషాలకి కుదించారు. గోలెక్ అంటే ఈడుకొస్తున్న పిల్ల తనను తాను సింగారించుకునే నాట్యం, యోగ్యకార్తా తరహాలో ఒంటరిగా చేసేది. 12 అంశాలున్నాయి, ఒక్కొక్కరికి ఏడు నిమిషాలు, అంతకు మించితే జనం లేచిపోతారని భయం. ఏది కోశారు? ఒకే కదలికని కుడివైపు చేసి, ఎడమవైపు చేసి, మళ్ళీ కుడివైపు చేసే చోట్లన్నీ కోశారు. నిదానాన్ని కోశారు. మిగిలినవి మలుపులు, సంపూర్ కండువాని విసిరే చోట్లు, ముని వేళ్ళ మీద చకచకా పరిగెత్తే త్రిసిక్. చప్పట్లు పడే ముక్కలన్నమాట. అవి నాకు ముందే వచ్చు. వేగం ఎవరికైనా తొందరగా పట్టుబడుతుంది. పట్టుబడనిది నిదానం, దాన్నే తీసేశారు.

మిగతా టైమంతా నిలబడటంతో సరిపోయింది. కొలతలకి నిలబడటం, ఫొటోకి నిలబడటం, మైకు కుదిరేదాకా నిలబడటం. పక్కన ఎగ్జిట్ పర్మిట్ కోసం ఇమ్మిగ్రేషన్ ఆఫీసులో నిలబడటం ఒకటి. నివాస అనుమతి మీద ఉన్నవాళ్ళు దేశం పూర్తిగా వదిలి వెళ్ళేముందు ఆ ముద్ర వేయించుకోవాలి. ఇక ఫోన్లు. ఆ రెండు వారాల్లో ఎవరిని చూసినా వీడియోలు తీస్తూనే ఉన్నారు. బూ కనబడితే చాలు, "బూ, ఆ ఒక్క కదలిక మళ్ళీ చెయ్యరా, తీసుకుంటాను." నేనూ తీశాను, గొప్పలు పోను. పది నెలలు ఆవిడ వెనకాల నిలబడి నేర్చుకున్నవాళ్ళం, ఆఖరికి వచ్చేసరికి ఆవిడకి ఎదురుగా తిరిగి ఫోను పట్టుకున్నాం. వెనక నిలబడితే ఒంటికి తెలుస్తుంది, ఎదురుగా నిలబడితే బొమ్మ కనిపిస్తుంది. ఇంటికొచ్చాక ఆ వీడియోలు చూస్తే చేతులన్నీ స్పష్టంగా ఉన్నాయి, బరువు ఎప్పుడు ఏ కాలి మీదికి మారిందో ఒక్కదాంట్లోనూ తెలియదు. జరిక్ కప్పేస్తుంది.

దీనికి నాకు ఎదురయ్యే మొదటి జవాబు ఎప్పుడూ ఒకటే. "మన దగ్గర అరంగేట్రం లేదా?" ఉంది. ఆ మాటకి అర్థం రంగం ఎక్కడం. చదువు మొదలైందని చెప్పే గుర్తు అది, అయిపోయిందని కాదు. ఆచరణలో చాలామందికి అదే మొదటిదీ ఆఖరిదీ అవుతోందని నాకూ తెలుసు. ఆల్బమ్ వస్తుంది, గజ్జెలు అటక ఎక్కుతాయి. అది మన జబ్బు. మన జబ్బుని చూపించి అక్కడి జబ్బు ఆరోగ్యమే అనడం న్యాయం కాదు.

రెండో జవాబు కొంచెం గట్టిది. జావావాళ్ళే తమ నాట్యాన్ని కుదించుకున్నారు కదా అని. నిజమే. ప్రంబానన్ గుడి దగ్గర ఆరుబయట ఆడే రామాయణం 1961లో మొదలైంది. మాటలు లేకుండా, భాష తెలియని పర్యాటకులకి కూడా అర్థమయ్యేలా, రాజాస్థాన నాట్యాన్ని కత్తిరించి కూర్చారు. నేను దాన్ని మూడుసార్లు చూశాను, మూడుసార్లూ హనుమంతుడు లంక తగలబెడుతుంటే చిన్నపిల్లలా చూశాను. కానీ దాన్ని కూర్చినవాళ్ళు పొడుగు నాట్యం తెలిసినవాళ్ళు. ఎక్కడ కోస్తే నెత్తురు రాదో తెలిసి కోశారు. పొడుగుది ఇంకా రానివాడికి పొట్టిది ఇచ్చి పంపితే వాడికి అదే మొత్తం అనిపిస్తుంది, ఇంటికెళ్ళి అదే మొత్తం అని చెప్తాడు కూడా. 1927లో రవీంద్రనాథ్ ఠాగూర్ జావా వచ్చి సురకర్తా, యోగ్యకార్తా రాజాస్థానాల్లో నాట్యాలు చూశాడు. ప్రేక్షకుడిగా వచ్చాడు, ప్రేక్షకుడిగానే ఉత్తరాలు రాశాడు. మేము విద్యార్థులుగా వచ్చి, సర్టిఫికెట్ పట్టుకుని ప్రేక్షకులుగా తిరిగి వెళ్తున్నాం.

ఆ ఊళ్ళోనే దీనికి విరుగుడు కూడా ఉంది, అదే నాకు ఆశ్చర్యం. రాజభవనాల్లో ఉన్న నాట్యాన్ని బయటివాళ్ళకి నేర్పడానికి ఇద్దరు రాకుమారులు 1918లో యోగ్యకార్తాలో క్రిద బెక్స విరమ అనే సంస్థ పెట్టారు. అప్పటిదాకా గోడల లోపలే ఉన్న విద్య అది. నాలాంటి పరాయిదానికి ఈరోజు మెండక్ నేర్పే మనిషి దొరుకుతున్నారంటే దానికి మూలం అక్కడుంది. ఇంకోటి, దగ్గర్లోని సురకర్తాలో బెధాయ కెతవాంగ్ అని తొమ్మిదిమంది ఆడవాళ్ళు చేసే నాట్యం ఉంది. ఏడాదికి ఒక్కసారి, రాజు పట్టాభిషేకం జరిగిన తిథికి ఆడతారు. దాని సాధన అంగర కసిహ్ అనే రోజున జరుగుతుంది. జావావాళ్ళకి ఏడు రోజుల వారంతో పాటు ఐదు రోజుల వారం కూడా ఉంది. మంగళవారమూ, ఐదు రోజుల వారంలోని క్లివోన్ అనే రోజూ కలిసి వస్తే అంగర కసిహ్. అది 35 రోజులకి ఒకసారి వస్తుంది. అంటే ఏడాది పొడుగునా సాధన తిరుగుతూనే ఉంటుంది, ప్రదర్శన దాని మధ్యలో ఒక రోజు వచ్చి పోతుంది. ఆ మరుసటి అంగర కసిహ్‌కి మళ్ళీ సాధన. అంతేగానీ ప్రదర్శన అయిందని జరిక్ విప్పేసి విమానం ఎక్కరు. మా కోర్సు వేసినవాళ్ళు ఈ గాలే పీలుస్తూ ఆ కాగితం ఎలా అంటించారో నాకిప్పటికీ తెలియదు.

ఈ ఆవేశమంతా మూటగట్టుకుని ఒక సాయంత్రం బూ దగ్గరికి వెళ్ళాను. నా ఇండోనేషియా భాష అప్పటికి కూడా బజారు బేరాలకి పనికొచ్చేదే. క్లాసులు కావాలి, స్టేజీ వద్దు, ఆఖరి రోజులు పాడైపోతున్నాయి అని ఎలాగో చెప్పాను. ఆవిడ టీ పోసి, అంతా విని, అన్నారు: "నువ్వు ఆ స్టేజీ నీ కోసం అనుకుంటున్నావు."

అప్పుడు చెప్పారు. గాంగు దగ్గర కూర్చునే తాత పది నెలలుగా నీ ఆలస్యపు అడుగులు వింటున్నాడు. పెండోపో ఊడ్చే ఆవిడ నువ్వు పడిపోయినప్పుడల్లా చూసింది. నీ పక్క గదివాళ్ళు పొద్దున్న ఐదింటికి నీ రేడియో గోల భరించారు. వీళ్ళందరికీ చెప్పకుండా పోతావా? పమిత్ అన్నారు. సెలవు తీసుకోవడం. ఆ ప్రదర్శన పమిత్.

నేను నోరు మూసుకుని ఇంటికొచ్చాను. నిజంగానే అది నాకు తట్టలేదు. పది నెలలూ మరొకరి ఇంట్లో తిని వెళ్ళేటప్పుడు గుమ్మంలో నిలబడి వెళ్ళొస్తానని చెప్పమంటే, నాకు ఇంకా వడ్డించండి అని గొడవ పెట్టుకున్నట్టయింది.

అయినా రెండు రాత్రులు ఆలోచించాక నా వాదన చావలేదు, కాస్త వంగింది. సెలవు తీసుకోవడానికైతే ఆ తాతా, ఊడ్చే ఆవిడా, పక్క గదివాళ్ళూ చాలు. పెండోపోలో, రోజూ కట్టుకునే జరిక్‌లో, కోయని గోలెక్ చేస్తే చాలు, తప్పులతో సహా. పది నెలలూ విన్నవాళ్ళకి తప్పులు కొత్త కాదు. కానీ మేం చేసింది ఆడిటోరియంలో. ముందు వరసలో ఏయే దేశాలవాళ్ళో అతిథులు, పక్కన ఫొటోగ్రాఫర్లు. గాంగు తాత తెర పక్కన చీకట్లో ఉన్నాడు, నేను ఆయనకి కనబడి ఉండను. ఊడ్చే ఆవిడని ఆ రోజు చూడనేలేదు. పమిత్ అని పేరు పెట్టి పరీక్ష పెట్టారు, పరీక్ష అని పేరు పెట్టి ఎగ్జిబిషన్ పెట్టారు.

ప్రదర్శన గురించి చెప్పుకోవడానికి పెద్దగా లేదు. సంపూర్ ఒకసారి నడుము బిళ్ళకి చిక్కుకుంది. ఐదో నిమిషంలో, లైట్ల వల్లో భయం వల్లో, నా కళ్ళు చేతి వెంట పోయాయి. 16 ఏళ్ళది పది నెలలదాన్ని పక్కకి నెట్టి ముందుకొచ్చింది. జనానికి అదే నచ్చినట్టుంది, ఆ చోటే చప్పట్లు కొట్టారు. ఫొటోల్లో కూడా అదే ఉంది.

మర్నాటికి ఇల్లు ఖాళీ. మాలో ఐదుగురు బాలికి వెళ్ళిపోయారు, ఇద్దరు నేరుగా విమానాశ్రయానికి. నా టిక్కెట్టు ఇంకో మూడు రోజులకి ఉంది. బూకి ఫోన్ చేసి రావచ్చా అని అడిగితే, "జరిక్ తెచ్చుకో" అన్నారు.

వాళ్ళింటి వెనక సిమెంటు గచ్చు మీద మూడు పొద్దులు. గామెలాన్ లేదు, రేడియో లేదు. గోలెక్ ఊసే ఎత్తలేదావిడ. మొదటి రోజు కెంగ్‌సెర్ ఒక్కటే. పాదాలు నేల మీంచి ఎత్తకుండా, మడమలూ మునివేళ్ళూ మార్చి మార్చి జరుపుతూ పక్కకి సాగిపోవడం అది. నడుము పైభాగానికి ఆ సంగతే తెలియకూడదు, నీళ్ళలో ఆకు పోయినట్టు పోవాలి. గచ్చు ఈ చివర నుంచి ఆ చివరికి, మళ్ళీ ఇటు. రెండో రోజు నడక. మొదటి వారంలో మొదటి గంటలో నేర్పిన మామూలు నడక. మొదటి వారంలో అది వచ్చేసిందనుకున్నాను. ఆ రెండో రోజు గంటన్నర నడిచాక అర్థమైంది, పది నెలలూ నేను నడుస్తున్నది కూచిపూడి నడకే, చప్పుడు తీసేసి నడుస్తున్నాను, అంతే. అది తెలియడానికి నాకు ఆవిడ గచ్చూ, ఏ పనీ లేని ఒక పొద్దూ కావలసి వచ్చాయి. ఆ 18 రోజుల్లో అలాంటి పొద్దులు 15 ఉండేవి.

నా లెక్క ఇదే. కోర్సులో ఆఖరి రెండు వారాలు మొదటి వారం పాఠాలకి తిరిగి ఇచ్చెయ్యాలి. కొత్తగా ఏమీ నేర్పొద్దు. కోయొద్దు, కలపొద్దు. మొదటి రోజు ఎలా నిలబడ్డారో అలాగే నిలబెట్టాలి. అప్పుడు గానీ ఎవరికి ఏం మారిందో, ఏం మారలేదో తెలియదు, నేర్చుకున్నవాళ్ళకైనా నేర్పినవాళ్ళకైనా. సెలవు తీసుకునే రోజు ఒకటి ఉండాలి, అది పెండోపోలోనే ఉండాలి.

వచ్చి రెండేళ్ళు దాటింది. జావా నాట్యం మీద వర్క్‌షాప్ చెయ్యమని ముగ్గురు నలుగురు అడిగారు. ఏడు నిమిషాల గోలెక్ ఉంది కదా, చేసేయొచ్చు కదా అంటారు. అందులో సగం ఇప్పటికే మరిచిపోయాను, వీడియో చూసి పూరించుకోవాల్సిందే. మరిచిపోనిది ఆ గచ్చు మీది నడక ఒక్కటే, దానికి వర్క్‌షాప్ పెడితే ఎవరొస్తారు? కూచిపూడిలో నా పాదం మెత్తబడిందని మా గురువుగారు విసుక్కుంటున్నారు కూడా. జతి చివర సమం మీద పడటానికి బదులు ఒక్కోసారి దానికి ముందు లెక్క మీదే కుదురుకుంటున్నానట. నట్టువాంగం, అంటే తాళాలు కొడుతూ జతులు చెప్పడం, ఆపి నావైపు చూస్తారు.

మూడో రోజు సంగతి చెప్పలేదు. ఆ మధ్యాహ్నమే నా విమానం. బూ పీట వేసుకుని కూర్చుని జావా భాషలో లెక్క చెప్తున్నారు, ఒక్కో లెక్కకీ మధ్య ఒక ఊపిరి అంత దూరం ఇచ్చి: సిజి, లోరో, తెలు, పపత్, లిమో, ఎనెమ్, పితు. పితు అంటే ఏడు. అక్కడికి వచ్చేసరికి లోపల ఫోన్ మోగింది. ఆవిడ లేచి వెళ్ళారు. నేను మెండక్‌లో, బరువు ఇంకా వెనక కాలి మీద, ఎడమ చేతిలో సంపూర్ కొస పట్టుకుని ఉండిపోయాను. లోపల ఎవరితోనో మాట్లాడుతున్నారు, ఏదో పెళ్ళి సంగతి, మధ్యలో నవ్వులు. నా తొడలు వణకడం మొదలుపెట్టాయి. గచ్చు మీద చీమలు ఒక వరస పోతోంది, చూపు ఎలాగూ అక్కడే ఉండాలి కాబట్టి వాటినే చూశాను. ఎంతసేపో తెలియదు. చెప్పులు ఈడుస్తూ వచ్చారు, పీట మీద కూర్చున్నారు, నావైపు చూసి ఇంకా అక్కడే ఉన్నావా అని కూడా అనలేదు.

"వోలు," అన్నారు.